బీడు కాలు, ఇత్తడి అతుకు

మా కుట్టుమిషను కాలు విరిగింది ఒక తుమ్ము వల్ల. నమ్మకపోతే పోనీయండి, అక్కడే నిలబడి చూసినదాన్ని నేను.

అప్పటికి తెల్లోళ్ళ సీమలో యుద్ధం మొదలై రెండేళ్ళు కావస్తోంది. మాది కామారెడ్డి. స్టేషనుకు పోయే దారిలో ముందు అర దుకాణం, వెనక రెండు అరలు ఇల్లు. మేము మేరవాళ్ళం, కుట్టుపని మా కులవృత్తి. మా ఆయన షేర్వాణీలు కుట్టడంలో పేరున్నవాడు. సర్కారు కచేరీలో పనిచేసే వాళ్ళందరి కొలతలూ ఆయనకు నోటికి వచ్చు. ఎవరి భుజం ఏ పక్కకు ఒరిగి ఉందో, ఎవరి పొట్ట ఏ పండుగకు ఎంత పెరిగిందో పుస్తకం చూడకుండా చెప్పేవాడు. కాజాలు, గుండీలు నా వంతు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసి, బూడిద ఊది, గుడ్డ మాడకుండా వేడి చూడడమూ నా వంతే. మా అత్తకు ప్రత్యేకంగా ఒక పని అంటూ లేదు. మా ఇద్దరి పనిలో తప్పులు పట్టడంతోనే ఆమెకు పొద్దు గడిచిపోయేది.

ఆ ఏడు వానలకు దుకాణం కప్పు మీది గూన పెంకులు జరిగి, నీళ్ళు సరిగ్గా మిషను మీదనే కారడం మొదలుపెట్టాయి. దాన్ని లోపలి అరలోకి జరపాలి. మా ఆయన జాగ్రత్తపరుడు. ముందు మిషను తల విప్పి, దుప్పటిలో చుట్టి, పసిపిల్లను పండబెట్టినట్టు మంచం మీద పెట్టాడు. తర్వాత పక్క దుకాణంలో బీడీలమ్మే ఆయనను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ చెరో దిక్కు పట్టుకుని స్టాండును లేపారు. గడప దాటుతుండగా బీడీల ఆయన తుమ్మాడు.

ఆయన ముక్కుపొడుం మనిషి. తుమ్మకపోతేనే మేము కంగారు పడాలి. కానీ మా ఆయనకు గడప మీద తుమ్ము వినబడితే చాలు, ఆగిపోయి, చేతుల్లో ఉన్నది వదిలేసి, కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగితే గాని అడుగు పడదు. ఆ రోజు కూడా అలవాటు ప్రకారం ఆగాడు. అలవాటు ప్రకారం చేతుల్లో ఉన్నది వదిలేశాడు.

స్టాండు బండల మీద పడింది. ఒక పక్క కాలు నడిమికి రెండు ముక్కలయింది.

"నీళ్ళియ్యి," అన్నాడు మా ఆయన తెల్లబడిన మొహంతో. ఇచ్చాను. కూర్చుని తాగాడు. ఇప్పటికీ నాకు తెలియనిది ఒకటే, ఆ నీళ్ళు తాగి ఆయన ఇంకే అపశకునాన్ని ఆపాడో.

ఆ కాలు బీడుది. బీడు అంటే కరిగించి అచ్చులో పోసిన ఇనుము. మామూలు ఇనుములా వంగదు, దెబ్బ తగిలితే గాజులా పగులుతుంది. పూలూ తీగలూ అల్లినట్టు పోతపోసిన అందమైన కాలు అది. సికింద్రాబాదులో మిషన్లమ్మే దుకాణానికి కార్డు రాయించాం. ఓడలు రావడం లేదు, కాళ్ళు దొరకవు, యుద్ధం అయ్యాక అడగండి అని జవాబు వచ్చింది. మా ఆయన ఆ కార్డును దేవుడి గూట్లో పెట్టాడు. యుద్ధం త్వరగా అయిపోవాలని మా ఇంట్లో ప్రార్థన మొదలయింది ఆ రోజు నుంచే.

అంతవరకు ఏం చేయాలి? మిషను తలను ఒక చెక్కపెట్టె మీద బిగించాడు. కాలితో తొక్కే వీలు లేదు కాబట్టి పక్కనున్న చిన్న చక్రాన్ని ఎవరో ఒకరు చేత్తో తిప్పాలి. ఆ ఎవరో నేనే.

"తిప్పు," అనేవాడు. తిప్పేదాన్ని.

"ఆపు. జర మెల్లగ. ఎనుకకు గాదు, ముందుకు. మల్ల ఆపు."

పొద్దున పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా ఇదే. అలా నెలన్నర. కుడి భుజం ఎడమ భుజం కంటే లావయింది. రవిక చేతులు రెండు కొలతలతో కుట్టుకోవలసి వచ్చింది, దర్జీ భార్యకు ఇంతకంటే అవమానం ఉండదు. మా అత్త గడప మీద కూర్చుని చూసి, "గానుగెద్దు కన్న నువ్వే నయం పిల్లా, నీ కండ్లకు గంతలు లేవు," అన్నది. ఆమె ఓదార్చే పద్ధతి అది.

విద్య మీద ప్రేమతో నేర్చుకునేవాళ్ళు ఉంటారట. నేను భుజం నొప్పితో నేర్చుకున్నాను.

స్టాండు మరలు విప్పి, విరిగిన కాలు ముక్కలు రెండూ గంపలో పెట్టుకుని కమ్మరి దగ్గరికి పోయాను. ఆయన మా బజారు చివర కొలిమి నడిపేవాడు. ఊళ్ళో సగం నాగళ్ళూ గొడ్డళ్ళూ ఆయన చేతిలోంచి వచ్చినవే.

"అన్నా, ఇది అతకాలె," అన్నాను.

ముక్కను చేతిలోకి తీసుకుని, ఏదో చెడ్డ రోగం పేరు చెప్పినట్టు, "బీడు," అన్నాడు. "బీడు అతకది చెల్లె."

"ఎందుకు అతకది?"

"అతకది. మా తాత నాటి సంది అతకది."

"మీ తాత నాడు కుట్టుమిషనే లేదు గదన్నా."

ఆ మాట ఆయనకు నచ్చలేదు. కాలి చివరన ఉన్న ఒక తీగ మెలికను కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి, దాయి దిమ్మె మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. బెల్లం గడ్డ చితికినట్టు చితికిపోయింది. "సూసినవా? ఇనుమైతే సాగుతది. ఇది పొడైతది," అన్నాడు. నాకు రుజువు చూపించడానికి నా మిషను కాలునే పొడి చేశాడు ఆ మహానుభావుడు. రెండు ముక్కలతో పోయినదాన్ని రెండు ముక్కలతో, గుప్పెడు పొడితో తిరిగి వచ్చాను. వస్తుంటే వెనక నుంచి అన్నాడు, "బట్టలు కుట్టుకునేటోళ్ళకు ఇనుముతోని ఏం పని చెల్లె?"

ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే నేను ఇంకా చక్రం తిప్పుతూ ఉండేదాన్నేమో.

మర్నాడు బావి దగ్గర అవుసుల ఆమెను అడిగాను. నగలు చేసే ఇంటి మనిషి, నాకు మంచి స్నేహితురాలు. విరిగిన గొలుసు మీ ఇంట్లో ఎట్లా అతుకుతారని అడిగితే తేలిగ్గా చెప్పేసింది.

"నడుమ ఇంకో లోహం పెడ్తరు వదినె. ముందుగాల కరిగేది. దాన్నే టంకం అంటరు. వెలిగారం పూస్తె అది నీళ్ళ లెక్క సందులకు పారుతది."

"ఇనుముకో?"

"ఇనుముకు ఇత్తడి పెడ్తరు. మా ఆయన తాళాలకు పెట్టంగ సూసిన. బీడుకు నాకు తెల్వది."

నా చదువంతా అంతే. బొక్కెన పైకి వచ్చేలోపు మొదలై, బిందె నిండేలోపు అయిపోయింది. మిగిలినదంతా నా సొంత అజ్ఞానం.

వెలిగారం మా ఇంట్లోనే ఉంది. పసిపిల్లలకు నోరు పూస్తే తేనెలో రంగరించి రాయడానికి మా అత్త ఒక డబ్బాలో దాచుకునేది. మా ఇంట్లో అప్పటికి పసిపిల్లలు లేరు కాబట్టి ఎవరి నోటి దగ్గరిదీ నేను లాక్కోలేదు. ఇత్తడి ఎక్కడిది? దేవుడి గూట్లో కాడ విరిగిన దీపపు కుందె ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉంది. విరిగిన కుందెలో దీపం పెట్టకూడదు, దేవుడిది కాబట్టి పారేయకూడదు. దేవుడికీ పనికిరాక మనిషికీ పనికిరాక కూర్చున్న ఆ కుందెకు నేను ఉద్యోగం ఇప్పించాను. ఆకురాయితో రాస్తే బంగారం పొట్టులా రాలింది.

ఇక తిత్తి కావాలి. నోటితో ఊదితే ఇస్త్రీ పెట్టె రాజుకుంటుంది గాని ఇత్తడి కరగదు. తోలు తిత్తి కుట్టమని మా ఆయనను అడిగాను.

"తోలా? మనం తోలు కుడ్తమా? నలుగురు ఏమంటరు?"

"నలుగురు వచ్చి చక్రం తిప్పుతరా?"

చాలాసేపు ఆలోచించాడు. చివరకు డేరా గుడ్డతో కుడతానన్నాడు. డేరా గుడ్డకు కులం లేదని తేలింది. రెండు పలకల మధ్య మడతలు మడతలుగా బిగించి, గాలి బయటికి పోకుండా చింతగింజల జిగురు రెండు పూతలు పూశాడు. పనిమంతుడు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను చక్రం తిప్పగా ఆయన కుట్టిన వాటిలో నాకు నచ్చిన వస్త్రం అదొక్కటే.

పెరట్లో స్నానాల బండకు అవతల మూరెడు గుంట తవ్వాను. ఇనుప గొట్టాన్ని మట్టితో మెత్తి తిత్తిని దానికి కలిపాను. బొగ్గు సంగతి నాకు తెలిసినంత మా బజారులో ఎవరికీ తెలియదు. ఏ బొగ్గు చిటపటమంటుందో, ఏది మెల్లగా కాలి నిలబడుతుందో ఇస్త్రీ పెట్టె నేర్పింది.

మొదటిసారి ముక్కలు రెండూ తీగతో కట్టి, మీద ఇత్తడి పొట్టు, వెలిగారం చల్లి నిప్పుల్లో పెట్టి ఊదాను. బీడు ఎర్రబడింది. ఇత్తడి కరిగింది కూడా. కరిగి, చిన్న చిన్న గుండ్లయి, తామరాకు మీద నీళ్ళలా అటూ ఇటూ దొర్లి, సందు తప్ప అన్ని చోట్లకూ పోయి వచ్చింది. నేను ముఖం వంచి ఎందుకు అతకదో చూద్దామని ఇంకా గట్టిగా ఊదాను. తెల్లటి పొగ లేచింది. నోరు తియ్యగా అయింది.

సాయంత్రానికి చలిజ్వరం. పళ్ళు కటకటలాడాయి. మూడు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. మా అత్త పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసింది.

"గూట్లె కుందె ఏమాయె?"

చెప్పాను.

"మరి జ్వరం రాక ఏమొస్తది? దేవుని సొమ్ము కాల్చినవు."

పొద్దున లేచేసరికి జ్వరం లేదు, ఒట్టి నీరసం. రెండు రోజులకు మళ్ళీ నిప్పు రాజేశాను. మళ్ళీ తెల్ల పొగ, మళ్ళీ సాయంత్రం చలి. మూడోసారి గాలి ఎటు వీస్తుందో చూసుకుని, పొగ నాకు అవతలికి పోయేలా నిలబడి, ఇత్తడి కరగగానే ఊదడం తగ్గించాను. జ్వరం రాలేదు. కాల్చింది అదే కుందె.

"దేవుడు గాలి ఎటు కొడ్తున్నదో సూసుకుంట కోపగిస్తడేమో అత్తా," అన్నాను. ఆమె నన్ను చూసి, గూడు వైపు చూసి, లోపలికి పోయింది. ఆ పూట నాకు అన్నం తనే పెట్టింది, ఎందుకో తెలియదు.

ఇత్తడి ఎందుకు పారడం లేదో వారం రోజులు అర్థం కాలేదు. ఆ వారంలో కాలి మీదున్న బీడు ఆకు ఒకటి ఎక్కువ వేడికి కరిగి బొట్టుగా బూడిదలో పడింది. చివరకు ఒకనాడు ఇస్త్రీ పెట్టె అడుగున జిడ్డు అంటుకుంటే, అది గుడ్డ మీద జరగకపోతే, ఇటుక పొడితో తోముతున్నాను. చెయ్యి ఆగిపోయింది. మిషను కాలు మీద నల్ల రంగు ఉంది, ఇన్నేళ్ళ మిషను నూనె ఉంది, నేను వాటి మీదనే ఇత్తడి పారమంటున్నాను. విరిగిన అంచులు రెండూ ఆకురాయితో తెల్లగా మెరిసేదాకా రాశాను. నల్లటి మసి లాంటిది ఎంత రాసినా వస్తూనే ఉంది. రెండు రోజులు రాశాను. వెలిగారాన్ని నీళ్ళతో ముద్దచేసి సందుకు పూసి, నిప్పుల్లో పెట్టి ఊదాను.

వెలిగారం పొంగి, గాజులా కరిగింది. సన్నటి ఆకుపచ్చ మంట కనిపించింది. ఒక్కసారిగా ఇత్తడి గుండ్లన్నీ కూలిపోయి సందులోకి పారాయి. తడి గుడ్డ నీళ్ళు పీల్చినట్టు సందు ఇత్తడిని పీల్చుకుంది. ఊపిరి తీయకుండా చూశాను. నా పెళ్ళి కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. సంతోషం పట్టలేక పటకారుతో ఎత్తి, మా ఆయనకు చూపిద్దామని, త్వరగా చల్లారాలని, దాని మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించాను. టక్కుమని చప్పుడు. అతుకు చెక్కుచెదరలేదు. దానికి నాలుగు వేళ్ళ అవతల కొత్తగా పగిలింది.

స్నానాల బండ మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి, చూసి, లోపలికి పోయి చెక్కపెట్టె దగ్గర నాకు పీట వేశాడు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ పీటను చూసి నా ఏడుపు ఇంకా పెరిగింది.

అప్పుడు మా అత్త వచ్చింది. ముక్కలను కాలితో కదిపి చూసింది.

"కొత్త కుండను ఒక్కపారే పెద్ద మంట మీద పెడ్తవా?"

"పెట్ట."

"కాగిన కుండను తీసి సల్లటి నీళ్ళల్ల ముంచుతవా?"

నేను చేతిలోని చెంబు వైపు చూశాను.

"మరి దీనికెందుకు పోసినవు? కుండ లెక్కనే పగిలింది గద. జర బుద్ధి ఉండాలె," అని, కొంగు దులుపుకుని లోపలికి పోయింది.

ఆమె జీవితంలో ఇనుము ముట్టింది అట్లకాడ రూపంలో మాత్రమే. కమ్మరి తాత నాటి నుంచి ఎవరికీ తట్టనిది ఆమెకు తట్టింది. ఒప్పుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు రెండు పగుళ్ళూ శుభ్రం చేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ముందు పిడకల సెగకు కాలు మొత్తాన్ని పెట్టి, చెయ్యి దగ్గరికి పోనివ్వనంత వేడి ఎక్కించాను. ఆ తర్వాతే బొగ్గుల్లోకి జరిపి ఊదాను. రెండు చోట్లా ఇత్తడి పారింది. వెంటనే ఊదడం ఆపి, గుంట నిండా వెచ్చటి బూడిద కప్పేశాను. మర్నాటి దాకా ఎవరూ ముట్టకూడదని చెప్పాను. మా ఆయన రెండు సార్లు కట్టెపుల్ల పట్టుకుని పెరట్లోకి వచ్చాడు, కొంచెం కదిపి చూద్దామని. రెండు సార్లూ మా అత్త ఆ బూడిద గుంట పక్కన కూర్చుని ఉంది. "పో. కుట్టుకో పో," అని కొడుకును తోలేసింది.

మర్నాడు తీశాం. రెండు బంగారు గీతలు వేసిన నల్లటి కాలు. రెండో కాలి పక్కన పెట్టి చూస్తే వేలి మందం పొట్టిగా, కొంచెం వంకరగా ఉంది. అడుగున చెక్కముక్క పెట్టాం. బల్ల ఒరిగి దారపు ఉండ దొర్లి పడిపోతుంటే బల్ల అంచుకు సన్నటి బద్ద కొట్టాం. తొక్కినప్పుడల్లా కుంటివాడు పరుగెత్తినట్టు టక్కు టిక్కు, టక్కు టిక్కు అని చప్పుడు. కానీ నడిచింది. మా ఆయన పొద్దంతా తొక్కాడు. నేను పొద్దంతా చేతులు ముడుచుకుని కూర్చుని చూశాను, ఆ సుఖం మాటల్లో చెప్పలేను.

మూడో రోజు కమ్మరి వచ్చాడు. చినిగిన అంగీ కుట్టించుకోవడానికట. అంగీ ఇచ్చి, వంగి, కాలి మీది అతుకును గోటితో గీకి చూశాడు.

"ఇది అతుకు గాదు. ఇత్తడి బంక," అన్నాడు.

"బంకనే అన్నా. విడదీయి సూద్దం," అన్నాను.

అంగీ మర్నాడు తీసుకుంటానని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాకు గర్వం తలకెక్కింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని దాచడం కుదరదు, తర్వాత జరిగినదంతా దానివల్లే. దసరా అయ్యాక ఎల్లారెడ్డికి పుట్టింటికి పోయాను. పెట్రోలు దొరకని రోజులు, బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనక కట్టిన పొయ్యిలో బొగ్గు వేసి రాజేస్తే, దానికి మనసైనప్పుడు కదిలేది. లింగంపేట దగ్గర ఆగిపోతే, తిత్తి ఎట్లా ఊదాలో నేను డ్రైవరుకు చెప్పబోయాను. అతను నా వైపు చూసిన చూపుకు మళ్ళీ ఎక్కి కూర్చున్నాను.

మా బాపు ఎల్లారెడ్డిలో మా అన్న ఇంటి ముందరి అరలో కూర్చుని ఇంకా చేత్తోనే కుట్టేవాడు. మిషను మీద నమ్మకం లేదు. ఆయన దగ్గర ఒక పెద్ద కత్తెర ఉండేది. నేను పుట్టకముందుది. ఆ కత్తెర గుడ్డ మీద నడిచే చప్పుడు వింటూ నిద్రపోయిన ఇల్లు అది. నేను పోయేసరికి దాని బొటనవేలు పట్టే కన్నం విరిగి ఉంది. గుడ్డ పేలికలు చుట్టి వాడుతున్నాడు.

"బాపూ, నేను అతుకుత," అన్నాను.

"వద్దు బిడ్డ. నడుస్తున్నది గద."

"బీడునే అతికిన. ఇదెంత?"

రెండు రోజులు వెంటపడ్డాను. మూడో రోజు, కాదనలేక, కత్తెరను రెండు చేతులతో ఇచ్చాడు.

నేర్చుకున్నదంతా చేశాను. తెల్లగా రాశాను. వెలిగారం పూశాను. పిడకల సెగకు కత్తెర మొత్తాన్ని మెల్లగా కాచాను, బొగ్గుల్లో ఎర్రగా చేశాను, కన్నం దగ్గర ఇత్తడి పారించాను, మర్నాటి దాకా బూడిదలో కప్పాను. తీసి తోమితే కన్నం ఉంగరంలా మెరిసింది. అంత చక్కటి అతుకు అంతకుముందు నేను వేయలేదు. మా బాపు చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

ఆయన కొత్త గుడ్డ పరిచి, సుద్దగీత మీద కత్తెర పెట్టి నొక్కాడు. గుడ్డ కత్తెర రెండు అలుగుల మధ్య మడతపడింది. తెగలేదు. ఇంకోసారి నొక్కాడు. గుడ్డ తీసి పక్కన పెట్టి, ఒక దారప్పోగు పట్టి చూశాడు. పోగు కూడా తెగలేదు, అలుగుల నడుమ జారిపోయింది. ఉక్కు తన గట్టితనం ఎన్నో ఏళ్ళ కింద ఏ కొలిమిలో తెచ్చుకుందో, నేను దాన్ని ఒక్క రోజులో పిడకల మీద ఉడికించి తీసేశాను. అప్పుడు నాకది తెలియదు. మెత్తబడిందని మాత్రం అర్థమయింది.

మా బాపు కత్తెరను తిప్పి చూశాడు. బొటనవేలు కన్నంలో పెట్టి చూశాడు.

"అతుకు మంచిగున్నది బిడ్డ," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పక్కింటికి పోయి కత్తెర అడిగి తెచ్చుకుని కుట్టు పని మొదలుపెట్టాడు. ఆ చిన్న కత్తెరకు ఆయన బొటనవేలు పట్టడం లేదు, సగం వేలితో కత్తిరిస్తున్నాడు. నేను చూడలేక లోపలికి పోయాను. మర్నాడు కత్తెరను కొంగులో కట్టుకుని బస్సెక్కాను.

కామారెడ్డిలో దిగి ఇంటికి పోలేదు, నేరుగా కమ్మరి దగ్గరికే పోయాను. ఆయన నాగలికర్రు సాగగొడుతున్నాడు. కత్తెర ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఈసారి ఏ వేళాకోళమూ ఆడలేదు నేను. ఆయనకు మాత్రం ఆడే హక్కుంది, ఆడుకున్నాడు.

"ఉక్కును అన్నం లెక్క ఉడకవెట్టినవా?"

"ఉడకవెట్టిన."

"బట్టలు కుట్టుకునేటోళ్ళకు..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగిపోయాడు. కత్తెర మర విప్పి అలుగులు రెండూ వేరు చేశాడు. "ఇత్తడి ఉన్న దిక్కు తడిగుడ్డ సుట్టి పట్టుకో. నిప్పు దాన్ని ముట్టొద్దు," అన్నాడు. నేను పట్టుకున్నాను. అలుగును ఎర్రగా చేసి నీళ్ళలో ముంచాడు. ఆ నీళ్ళ చప్పుడుకు కళ్ళు మూసుకున్నాను, కానీ ఉక్కు పగలలేదు. "బీడు వేరు, ఇది వేరు," అన్నాడు. అలుగును రాతి మీద రుద్ది తెల్లగా చేసి, మళ్ళీ నిప్పు అంచున మెల్లగా కాచాడు. "రంగు సూడు. ఎండుగడ్డి రంగు రాంగనే తియ్యాలె. నీలం వచ్చిందంటె మల్ల మెత్తగైతది."

ఎండుగడ్డి రంగు అలుగు వెన్ను నుంచి అంచు వైపు పాకడం నేనూ చూశాను. తీశాడు. రెండో అలుగు నన్నే చూడమన్నాడు. నేను "ఇగ తియ్యి" అన్నప్పుడు తీశాడు.

సాన పట్టాక నా కొంగు చివర పెట్టి నొక్కాడు. తెగింది. నన్ను అడిగి కోస్తే బాగుండేది.

లేవబోతుంటే, "కూసో," అన్నాడు. బొగ్గుల బస్తా వెనక చెయ్యి పెట్టి, ఒక గోనె మూట తీసి విప్పాడు. చెరుకు గానుగ చక్రం ముక్కలు. బీడువి. మూడు చోట్ల ఇత్తడి మరకలు, నాలుగు చోట్ల కొత్త పగుళ్ళు. నా మిషను కాలు చూసి పోయిన దగ్గర నుంచి దొంగచాటుగా అతకడానికి ప్రయత్నిస్తున్నాడని అర్థమయింది. ఆయన నేల వైపు చూస్తూ అడిగాడు.

"నీళ్ళు పోసినందుకేనా చెల్లె ఇట్ల పగులుతున్నది?"

"నీళ్ళు పోసినందుకే అన్నా. నేను గూడ పోసిన."

తర్వాత నేను పిడకల సెగ సంగతి, బూడిద సంగతి, తెల్లపొగ సంగతి, అన్నీ చెప్పాను.

కత్తెరను నేనే తీసుకుపోయి మా బాపుకు ఇచ్చాను. మునుపటిలా పల్చటి మల్లు గుడ్డ మీద నున్నగా నడిచేది కాదు. మందపు గుడ్డలను బాగా కోసేది. ఆయన పోయేదాకా దాన్ని వాడాడు. పల్చటి గుడ్డలకు చిన్నది వేరే తెప్పించుకున్నాడు, నన్ను మాత్రం దాని దగ్గరికి రానివ్వలేదు.

ఆ చలికాలంలో సదాశివనగర్ నుంచి ఒక రైతు విరిగిన గానుగ చక్రం బండి మీద వేసుకుని వచ్చాడు. చెరుకు కోతకు వచ్చింది, కొత్త చక్రం దొరకదు. కమ్మరి నాకు కబురు పెట్టాడు. నేను వెలిగారం డబ్బాతో పోయేసరికి రైతు నన్ను, నా చేతిలోని డబ్బాను, నా సూదులు గుచ్చిన రవికను చూసి అనుమానంగా అడిగాడు.

"ఇది ఎవలు అతుకుతరు?"

కమ్మరి తిత్తి దగ్గర కూర్చుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నేను ఊదుత. ఆమె అతుకుతది."